నాన్న జీపుకు నా కొలతలు

పాత పట్టుచీర బీరువాలో మిగిలిపోతే ఏం చేస్తాం? అంచు బాగుంటే పిల్లకి పరికిణీ కుట్టిస్తాం. మరీ జీర్ణమైపోతే జరీకి వేసేస్తాం. అదే, పాత జీపు మిగిలిపోతే?

2021లో నాన్న పోయాక మాకు మిగిలినవి రెండే. నర్సీపట్నం దాటాక కొండ పాదాన ఆయన పెంచిన జీడిమామిడి తోట ఒకటి. ఆ తోటలో రేకుల షెడ్డు కింద, 1989లో ఆయన ముచ్చటపడి కొన్న మహీంద్రా ఎమ్మెమ్ 540 జీపు రెండోది. తోట సంగతి అమ్మ ఒక్కమాటలో తేల్చేసింది. “నేనెక్కడికీ రాను. చూడాలనుంటే మీరే రండి.” జీపు సంగతే ఎటూ తేలలేదు. “ఇనుముకి వేసినా నలభై వేలొస్తాయక్కా” అన్నాడు తమ్ముడు. మావారు అదీ అనలేదు. షెడ్డు చుట్టూ ఒకసారి తిరిగి, చేతులు దులుపుకుని వచ్చేశారు.

నాకు మాత్రం అది ఇనుములా కనిపించలేదు. 1990లో ఎండాకాలం సెలవుల్లో, నీళ్లు లేని గెడ్డ ఇసుకలో నాన్న నాకు డ్రైవింగు నేర్పింది ఆ జీపు మీదే. పైగా ఆ గెడ్డ ఇప్పటికీ మా ఊరి దారికి అడ్డంగా ఉంది. వంతెన లేదు. వానాకాలం వచ్చిందంటే మా కారు ఇవతలి గట్టునే ఆగిపోతుంది. పిల్లతేలు పాకినట్టు మెల్లగా అవతలికి దాటించేది నాన్న జీపే. నీరు మోకాలు దాటితే ఆయన కూడా ఆగిపోయేవారనుకోండి. ఆయన లేకపోయాక, అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యాక, ఆ గట్టు మీద కారాపి “అవతల అమ్మ, ఇవతల నేను” అనుకున్న రోజున నిర్ణయించుకున్నాను. జీపు అమ్మేది లేదు, బాగుచేయించాలి.

ముందు కాగితాలు. బండి నాన్న పేరు మీదుంది. యజమాని పోతే వారసుల పేరుకి మార్చుకోవడానికి ఫారం 31 అని ఒకటుంటుంది. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం జతచేయాలి. మేం ఆలస్యం చేసి జరిమానా కట్టాం. మీరు కట్టకండి. ఇంట్లో అలాంటి బండి ఉంటే ఏడుపులు తగ్గాక మొదట చేయాల్సిన పని ఇదే.

ఏనుగెక్కినట్టు

ఆ తర్వాత చేసిందే నా తెలివితక్కువ పని. నగరంలో ఒక గ్యారేజీ ఉంది. పేరు చెప్పను. కుర్రాళ్లు జీపులకి పెద్ద పెద్ద టైర్లు వేయించుకుని, ఎత్తు లేపించుకుని, ఫొటోలు దిగేది అక్కడే. “పాత బండిని కొత్తపెళ్లికొడుకుని చేసేస్తాం మేడమ్” అన్నారు. గెడ్డ దాటాలన్నాను. “అయితే ఎత్తు పెంచాల్సిందే” అన్నారు. నిజమే కదా అనిపించింది. ఎత్తుగా ఉంటే నీళ్లు తగలవు, రాళ్లు తగలవు. ఒప్పుకున్నాను.

నెలన్నర తర్వాత బండి వచ్చింది. మెరిసిపోయే ఆకుపచ్చ రంగు, 28 అంగుళాల టైర్ల స్థానంలో 31 అంగుళాలవి, ముందు బంపరుకి కొమ్ముల్లాంటి గార్డు. చూసి మా అబ్బాయి ఈల వేశాడు. అమ్మ మాత్రం గుమ్మంలోంచి చూసి, “ఏటే ఇది, ఏనుగెక్కినట్టు ఎక్కాలా?” అంది. ఇద్దరం పట్టుకుని ఎక్కించాం. ఆపరేషన్ అయిన కాలు పైకి లేపేటప్పుడు ఆవిడ పళ్లు బిగించడం నేను చూశాను. చూసీ ఏమీ అనలేదు. లక్షా నలభై వేలు ఖర్చుపెట్టి వచ్చానాయె!

2023 జనవరిలో లంబసింగి చలి చూపిస్తానని అమ్మని ఎక్కించుకుని వెళ్లాను. ఎక్కేటప్పుడు బాగానే ఉంది. దిగేటప్పుడు బ్రేకు ఎంత తొక్కినా బండి “ఊఁ... ఆగుతాలే” అన్నట్టుంది తప్ప ఆగదు. రెండో గేరులో పెట్టి ఇంజను మీదే దించుకొచ్చాను. ఘాటు మలుపులు అయిపోయాయి, హమ్మయ్య అనుకుని కాస్త వేగం పెంచానో లేదో, ముందు చక్రం ఓ గుంతలో పడి లేచింది. అంతే. స్టీరింగు నా చేతుల్లో దడదడదడా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ముందు చక్రాలు రెండూ పిచ్చెక్కినట్టు అటూ ఇటూ ఊగుతున్నాయి. బండి రోడ్డంతా నాదే అంటోంది. యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగుని రెండు చేతుల్తో కౌగిలించుకున్నంత పని చేశాను. చివరికి ఎడమ చక్రం రోడ్డు పక్క కాలవలోకి దిగి ఆగింది. కొండవైపు కాలవ కాబట్టి ఇది రాస్తున్నాను.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, “మీ నాన్న నడిపితే ఇలా ఊగేది కాదే” అంది.

తప్పు చేతిదా, చక్రానిదా?

గ్యారేజీ వాళ్లకి చెబితే వచ్చిన సమాధానం వినండి. “ఆడవాళ్లకి స్టీరింగు మీద పట్టుండదు మేడమ్. పవర్ స్టీరింగ్ వేయించుకోండి, ఇంకో ముప్ఫై వేలవుద్ది.”

సిగ్గు విడిచి చెబుతున్నాను. ఆ మాట నేను నమ్మాను. వారం రోజులు నమ్మాను. ముప్ఫై ఏళ్లుగా బండి నడుపుతున్నదాన్ని, నా చేతుల్లోనే బలం తగ్గిందేమో, వయసైపోయిందేమో అనుకున్నాను. అమ్మ అన్న మాట కూడా అదేననుకుని లోలోపల కుమిలిపోయాను. మనకి ఇదో జబ్బు కదండీ. వస్తువులో తప్పుందని ఎవరూ చెప్పకపోతే, తప్పు మనదేననుకుంటాం.

ఆ మాట అబద్ధమని చెప్పింది గాజువాక ఆటోనగర్‌లో ఓ చిన్న షెడ్డు మేస్త్రి. అరవై దాటినాయన. ఒకప్పుడు లారీ బాడీలు కట్టేవారట. బండి చుట్టూ తిరగలేదు, రంగు చూడలేదు. నేలమీద గోనెపట్టా పరుచుకుని నేరుగా కిందకి దూరిపోయారు. పావుగంటకి బయటకొచ్చి, “అమ్మా, మీరు సైకిలు తొక్కారా?” అని అడిగారు.

తొక్కానన్నాను. “చేతులొదిలి తొక్కేవాళ్లు ఉంటారు కదా, ఎలా తొక్కుతారు?” నాకు తెలీదన్నాను. అప్పుడాయన సుద్దముక్కతో నేలమీద బొమ్మ గీసి చూపించారు. సైకిలు ముందు ఫోర్కు నిటారుగా ఉండదు, పై భాగం వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు వల్లే నడుస్తున్న చక్రం దానంతటదే తిన్నగా నిలబడాలని చూస్తుంది. జీపు ముందు చక్రాలకీ కంపెనీ అలాంటి వాలే పెడుతుంది. దాన్ని క్యాస్టర్ అంటారు.

మా 540కి నాలుగు వైపులా కమాన్ కట్టలే. వాటి ఒక చివర, కట్టకీ ఛాసిస్‌కీ మధ్య వేలాడే చిన్న ఇనుప పట్టీలను షాకిళ్లంటారు. గ్యారేజీ వాళ్లు చౌకగా ఎత్తు పెంచడానికి ఆ పట్టీలను పొడుగ్గా కోయించి బిగించారు. ఎత్తయితే పెరిగింది. కానీ ముందు కట్టలు ఒకవైపుకి వాలి, వాటితోపాటు యాక్సిలూ తిరిగిపోయి, ఉండాల్సిన వాలు పోయింది. దానికితోడు కింగ్‌పిన్ బేరింగులు, టైరాడ్ చివర్లు పాతవే, అరిగినవే. వాటి మీద బరువైన టైర్లు. సూపర్‌మార్కెట్లో తోపుడు బండి ముందు చక్రం ఒక్కోసారి గిలగిలా కొట్టుకుంటుంది చూడండి, సరిగ్గా ఆ తరహాలో కొట్టుకున్నాయి నా చక్రాలు.

“మరి బ్రేకులో?” అన్నాను. టైరు పెద్దదై, బరువైతే దాన్ని ఆపడానికి ఎక్కువ బలం కావాలి. బ్రేకు డ్రమ్ములేమో పాత సైజువే. అంతేకాదు, స్పీడు చూపించే ముల్లు కూడా అబద్ధం చెబుతోంది. 28 అంగుళాల టైరుకి లెక్కకట్టిన మీటరు 60 చూపిస్తుంటే, 31 అంగుళాల టైరు మీద బండి నిజానికి 66 మీద వెళుతుంటుంది. నేను లెక్కల టీచర్నండీ. ఈ లెక్క నాకెవరూ చెప్పక్కర్లేదు. అయినా వేసుకోలేదు!

“చేతుల్లో పట్టు లేకపోతే మీరు కాలవలో ఆగేవారు కాదమ్మా, లోయలో ఆగేవారు” అన్నారు మేస్త్రి. ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది.

ఫ్రిజ్ మీది అయస్కాంతం

పాత బండి కొనేవాళ్లకీ, బాగుచేయించేవాళ్లకీ పనికొచ్చే చిట్కా ఒకటి ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఫ్రిజ్ తలుపుకి అంటించుకునే చిన్న అయస్కాంతం ఉంటుందిగా, దాన్ని పలచటి గుడ్డలో చుట్టి బాడీ మీద అక్కడక్కడా ఆనించి చూడండి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది. లప్పం దట్టంగా మెత్తినచోట జారిపోతుంది. నా మెరిసే ఆకుపచ్చ జీపు మీద కుడివైపు తలుపు దగ్గర్నుంచి వెనక చక్రం దాకా అయస్కాంతం నిలబడలేదు. తుప్పు కోసి తీయకుండా పైన లప్పం పూసి రంగేశారు. డ్రైవరు కాళ్ల కింద రబ్బరు మ్యాటు ఎత్తితే నేల కనిపించింది. బండి నేల కాదు, నేల!

అక్కడ్నుంచి నాలుగు నెలలు పట్టింది. బాడీ మొత్తం దించారు. ఛాసిస్‌ని ఇసుకతో కొట్టించి శుభ్రం చేస్తే స్టీరింగు బాక్సు బిగించేచోట జానెడు పగులు బయటపడింది. ఈ జీపుల్లో అది మామూలేనట. పగులు మీద ఊరికే వెల్డింగు గీత లాగేస్తే సరిపోదు, పక్కనే మళ్లీ పగులుతుంది. ముందు పగులు చివర చిన్న రంధ్రం వేయాలి, అది ఇంకా ముందుకు పాకకుండా. తర్వాత పగులు నింపి, పైన మందపాటి ప్లేటు అతకాలి. ఆ ప్లేటు నలుపలకగా ఉండకూడదు, గాలిపటంలా కోణాలతో ఉండాలి. అప్పుడు వెల్డింగు గీత ఛాసిస్‌కి అడ్డంగా ఒకేచోట పడదు, బలం అంతటా పంచుకుంటుంది. జాకెట్టు చంక దగ్గర మన టైలరు పెట్టే అతుకు కూడా మూలగానే ఉంటుంది. అదే సూత్రమేమో!

వెల్డింగు మొదలుపెట్టేముందు బ్యాటరీ తీగలు ఊడదీయడం, డీజిలు టాంకు దింపి దూరంగా పెట్టడం నేనే దగ్గరుండి చూశాను. ఆ మేస్త్రి చెప్పకపోయినా చేస్తారు. చెయ్యని షెడ్డయితే మీరు అక్కడ బండి పెట్టకండి. నేల రేకు 1.6 మిల్లీమీటర్లది కొత్తగా కోసి, అంచులు మడిచి వేశారు. పొడుగు షాకిళ్లు, పెద్ద టైర్లు పోయాయి. కంపెనీ కొలత టైర్లు, కొత్త కమాన్ కట్టలు వచ్చాయి. ముందున్న కొమ్ముల గార్డు కూడా తీసేయించాను. పాదచారులకి ప్రమాదమని 2017 డిసెంబరులోనే కేంద్రం వాటిని వద్దంది.

సైనికుడి కాళ్లు, నా కాళ్లు

అసలు ఈ జీపు ఎవరి కోసం పుట్టింది? 1940లో అమెరికా సైన్యం చిన్న బండి కావాలని అడిగితే, బాంటమ్ అనే చిన్న కంపెనీ 49 రోజుల్లో నమూనా చేసి ఇచ్చింది. తర్వాత విల్లీస్, ఫోర్డు కంపెనీలు యుద్ధం ముగిసేలోపు ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి. మనదేశంలో మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టారు. మా 540 ఆ వంశంలోదే. ఇంజను మాత్రం ఫ్రాన్సుకి చెందిన ప్యూజో వాళ్ల 2112 సీసీ డీజిలు. అంటే దీని కొలతల మూలం బూట్లు తొడుక్కున్న ఓ కుర్ర సైనికుడన్నమాట. ఐదడుగుల ఒక్క అంగుళం ఉన్న లెక్కల టీచరు కాదు. ఆవిడ వెనకాల మోకాలి నొప్పితో వచ్చే డెబ్భై ఆరేళ్ల తల్లి అసలే కాదు.

నాన్న నేర్పేటప్పుడు నా నడుం వెనక దిండు పెట్టేవారు. దిండు జారితే క్లచ్చి అందేది కాదు. ముప్ఫై ఏళ్లు అలాగే నడిపాను. “దిండేంటమ్మా, సీటే ముందుకి రావాలి గానీ” అన్నారు మేస్త్రి. స్టూలు మీద కూర్చోబెట్టి, తుంటి దగ్గర్నుంచి మోకాలికి, మోకాలి నుంచి మడమకి టేపు పెట్టి కొలిచారు. పక్కన వెల్డింగు కుర్రాడు ముసిముసిగా నవ్వుతుంటే, “నవ్వకురా, చొక్కాకి కొలత తీసుకోరా ఏటి?” అని కసిరారు. సీటు కింద జారే పట్టాలు వేసి నాలుగంగుళాలు ముందుకొచ్చేట్టు చేశారు. మావారు నడపాలంటే వెనక్కి జరుపుకోవచ్చు. ఇన్నాళ్లకి క్లచ్చి నేలకి తగిలేదాకా నా కాలు నిండుగా ఆనింది. దాంతో గేరు మార్చేటప్పుడు వచ్చే కరకర శబ్దం మాయమైపోయింది. అది కూడా నా చేతి తప్పేననుకునేదాన్ని!

అమ్మకోసం మెట్టు. నేలకి పధ్నాలుగు అంగుళాల ఎత్తులో, జారకుండా గీతలున్న ఇనుప పలకతో చేయించాం. రాళ్లకి తగలకుండా మడిచి పైకి పెట్టుకోవచ్చు. పట్టుకోవడానికి కమ్మీ ఎక్కడ వేయాలన్నది పెద్ద చర్చ అయింది. ముందు అద్దం ఫ్రేముకి వేద్దామన్నాను. అది ముందుకి మడిచే ఫ్రేము, మనిషి బరువు దానిమీద వేయకూడదన్నారు. చివరికి పక్క బాడీకి, లోపలివైపు మందపాటి ప్లేటు ఆధారంగా పెట్టి బిగించారు. అమ్మ చెయ్యి అందేదాకా మూడుసార్లు చోటు మార్చారు. మూడుసార్లూ అమ్మ అక్కడే ఉంది, షెడ్డులో కుర్చీ వేసుకుని, అందరికీ జీడిపప్పు పంచుతూ.

బెల్టుల విషయంలో పూర్తిగా గెలవలేదు. నేల రేకుకి బోల్టేస్తే గుద్దుకున్నప్పుడు చించుకుని వచ్చేస్తుంది, కింద వెడల్పాటి ప్లేటు ఉండాలి. అలా వేసి నడుం బెల్టులు పెట్టుకున్నాం. భుజం బెల్టుకి పైన గట్టి ఆధారం కావాలి, కాన్వాసు టాపులో అది లేదు. పైపులతో పంజరం కట్టించమని మా అబ్బాయి పోరాడాడు. తలకి దగ్గరగా ఇనుప పైపు, హెల్మెట్ లేని తల. అదీ ప్రమాదమే. పైగా చట్టం ఒకటుంది. అందుకని యాభై దాటకుండా నడుపుతున్నాను.

చట్టం మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగా చెప్పింది. ఆ ఏడాదే సవరించిన చట్టంలో, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి ఐదువేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. ఇంజను మార్చాలంటే రవాణా శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. “డబ్వాలీ నుంచి తెప్పిద్దాం అత్తా, కొత్త ఇంజనేసి ఇస్తారు” అన్నాడు మా మేనల్లుడు. పంజాబు, హర్యానా సరిహద్దులో ఉన్న ఆ ఊరు జీపులు కట్టడానికి పేరుపడ్డదే. చూడముచ్చటగా ఉంటాయి. కానీ ఆర్సీలో రాసింది ఒకటి, రోడ్డు మీద తిరిగేది ఒకటి అయితే, ప్రమాదం జరిగినరోజున బీమా కంపెనీ మన ముఖాన తలుపేస్తుంది. అందుకే ఏ పని చేయించినా ఆర్సీ కాగితం పక్కన పెట్టుకునే చేయించాను. ఇంజను అదే, దాని నెంబరు అదే, సీట్ల లెక్క అదే. ఇంజనుని విప్పించి, రింగులు, బేరింగులు మార్పించానంతే.

మొదటి గ్యారేజీకి పోసింది కాక, రెండోసారి రెండు లక్షల పదివేలైంది. “ఆ డబ్బుతో సెకండ్ హ్యాండు కారొచ్చేది” అని మావారు ఇప్పటికీ అంటుంటారు. నిజమే, వచ్చేది. గెడ్డ ఇవతల ఆగేది.

పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. మా జీపు వంతు 2024లో వచ్చింది. తనిఖీ రోజు గుండె దడగానే ఉంది. ఇన్‌స్పెక్టరుగారు ఛాసిస్ నెంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దించారు, లైట్లు చూశారు, బ్రేకు తొక్కమన్నారు. తొక్కాను. ఆగింది. “ఎవరు నడుపుతారమ్మా ఇది?” అన్నారు. నేనేనన్నాను. నా వైపోసారి, సీటు వైపోసారి చూసి సంతకం పెట్టారు.

ఆ ఆగస్టులో గెడ్డ నిండుగా ఉంటే రెండు రోజులు ఆగాం. మూడో రోజు నీరు పిక్కల్లోతుకి దిగాక, స్పెషల్ గేరులో వేసి మెల్లగా దాటించాను. అవతలి గట్టున అమ్మ నిలబడి ఉంది, కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలని చీర మార్చుకుని. మెట్టు దించాను. కమ్మీ పట్టుకుని, బాగున్న కాలు ముందు పెట్టి, ఎవరి చెయ్యీ అడక్కుండా ఎక్కి కూర్చుంది. కూర్చున్నాక పైకి చూసి, “ఇక్కడ కారుతోందే” అంది.

కాన్వాసు టాపు కుడి మూల ఇంకా కారుతూనే ఉంది. మార్చాలంటున్నారు మేస్త్రి. దసరా సెలవుల్లో తీసుకొస్తానన్నాను.